మళ్లీ ఊరదన్న రక్తం

పొట్టకూటికి వచ్చిన హిందీ ఊళ్లో, పండరీ బట్టల బజారులో బండి నిలిపే చోటు కోసం మొదలైన మాట కత్తి దాకా పోయింది. మొదట చెయ్యెత్తింది సూరిబాబు. కడుపులో అవతలివాడి కత్తిపోటు తిన్నది మాత్రం విడదీయబోయిన అతని చెల్లెలి మొగుడు వీరేంద్ర.

ఆసుపత్రి వరండాలో సూరిబాబు చొక్కా నిండా బావ రక్తమే. భార్య కల్యాణి కొంగుతో తుడవబోతే విదిలించి కొట్టాడు.

ఉన్న రక్తం ఎక్కించేశామనీ, ఇంకా కావాలనీ, ఇంటివాళ్లు ఇవ్వాలనీ నర్సు హిందీలో చెప్పి వెళ్లింది. వీరేంద్ర భార్య మహేశ్వరి అన్న కాళ్లు పట్టుకుంది.

"నువ్వియ్యన్నయ్యా! దున్నలాగున్నావు, నీకేటవుద్ది?"

"పాగల్ అయిపోనావేటే? సిల్తారా ఇనప ఫేక్టరీలో కొలిమి ముందు నిలబడే ఒళ్లిది. ఒకసారి తీస్తే రక్తం మళ్లీ ఊరదు. మగాడు పనికిరాకండా పోతాడు."

"నేనిస్తాను," అంది కల్యాణి.

"ఆడదాని రక్తంతో ఆడు మగాడిలాగ లేస్తాడేటి? కదిల్తే కాళ్లిరగ్గొడతాను!"

కల్యాణి కదిలింది. లోపల డాక్టరమ్మ వేలు పొడిచి పరీక్ష చేసి, బరువు చూసి పడుకోబెట్టింది.

"మళ్లీ ఊరుతుందా?" అని హిందీలో భయంగా అడిగింది కల్యాణి.

"కొన్ని వారాలు చాలు. ఆడవాళ్లకైనా అంతే," అంది డాక్టరమ్మ.

కాసేపు కూర్చోబెట్టి, పళ్లరసం తాగించి పంపారు. బయట అడుగు పెట్టగానే చెంప పేలింది. రెండో దెబ్బకు గోడకు కొట్టుకుని కూలబడింది.

"సూసినావా? నిలబడలేకపోతంది!" అంటూ సూరిబాబు జుట్టు పట్టి ఈడ్చాడు.

బెంచీ కింద స్టీలు క్యారేజీ ఆమె చేతికి తగిలింది. గోడ పట్టుకు లేచి, రెండు చేతులా ఎత్తి అతని నుదుటి మీద కొట్టింది. మళ్లీ కొట్టింది.

నుదురు చీలింది. సొంత రక్తం కళ్లలోకి కారేసరికి సూరిబాబు నేల మీద చతికిలబడ్డాడు.

"అమ్మో, పోతందే! సచ్చిపోతానే కల్యాణీ, ఎవుల్నైనా పిలువే!"

ఇన్నేళ్లూ తనను తన్నిన మనిషికి గుండెల్లో ఉన్నది ఇంత భయమా అని కల్యాణి నిలబడి చూసింది. జాలి కలగలేదు. కేక విని పరుగెత్తుకొచ్చిన నర్సు గాయం అదిమిపట్టి, కుట్లు వేయించడానికి లాక్కుపోయింది.

వీరేంద్ర బతికాడు. అతని ఒంట్లోకి వెళ్లింది కల్యాణి రక్తమో, మరెవరిదో ఎవరూ అడగలేదు. ఆమె మాత్రం మోవా పేటలో ఆడపడుచు ఇంట్లోనే ఉండిపోయింది.

కుట్లు మానకుండానే సూరిబాబు వచ్చి గుమ్మం ముందు అరిచాడు. మహేశ్వరి తలుపు సగమే తీసింది.

"వదిన రాదు," అని గడియ పెట్టేసింది.