గాలి వేగం పన్నెండు

స్తంభం నిచ్చెన పద్నాలుగో మెట్టు మీద నిలబడి, నడుముకు కట్టుకున్న తాడును కమ్మీకి తగిలించి, గాలి ఎటు, ఎంత బలంగా వీస్తోందో చూపే గాలిసంచి మూతిని అతను చేత్తో తడిమి చూశాడు. నారింజరంగు గుడ్డ ఎండకు వెలిసిపోయింది. రెండుచోట్ల మాసికలున్నాయి. కుట్టు మాత్రం ఎక్కడా వదల్లేదు. అతని భార్య కుట్టింది, చూపు సగానికి పైగా పోయాక, వేళ్లతో వెతుక్కుంటూ.

యాభై ఆరేళ్ల పొట్టి మనిషి. మెడ ఎప్పుడూ కాస్త ఎడమకు వంగి ఉంటుంది. ముప్పై ఏళ్లుగా కనుమ వైపు చూసీ చూసీ అలాగే ఉండిపోయింది. కొండల మధ్య ఉన్న ఆ చిన్న విమానాశ్రయంలో రన్‌వే ఈ చివర లోయ అంచున మొదలవుతుంది. కనుమలోంచి దూకిన గాలి సరిగ్గా ఆ అంచు మీదే పడి, దిగబోతున్న విమానాన్ని కిందికి తొక్కుతుంది. అది కళ్లకు కనబడదు. కనుమ మీద గడ్డి పడుకోవడం కనబడుతుంది. గడ్డి పడుకున్నాక తొమ్మిది లెక్కపెడితే గాలి ఇక్కడుంటుంది. ఆ తొమ్మిదీ లెక్కపెట్టడమే అతని ఉద్యోగం. అలాంటప్పుడు వాకీటాకీలో ‘ఆగాలి’ అంటాడు. విమానం పైకి లేచి ఒక చుట్టు తిరిగొస్తుంది. అందుకే అందరూ అతన్ని ఆగుమయ్య అంటారు. పెళ్లిలోనూ ఆగమనే ఉంటాడు, అందుకే పిల్లల్లేరని క్యాంటీన్‌లో ఒక పాత హాస్యం. అతనూ నవ్వేవాడు. నవ్వకపోతే ఏం చేస్తాడు?

రన్‌వే ఆ చివర, కొత్త కట్టడం పక్కన గాలిని కొలిచే యంత్రం నిలబెట్టి వారమైంది. అటు గోడ, ఇటు గోడ, మధ్యలో అది చల్లగా కూర్చుంటుంది. కొత్త అధికారి పరీక్ష ఒకటి పెట్టాడు. ప్రతి విమానానికీ యంత్రం చెప్పిన వేగం ఒక వైపు, ఆగుమయ్య తన చేతిమీటరులో చూసిన వేగం ఒక వైపు పుస్తకంలో రాయాలి. వారం పాటు రెండూ కలిస్తే రిటైరయ్యే దాకా రెండేళ్లూ యంత్రానికి కాపలాగా ఉంచుతారు. కలవకపోతే ఇంటికి. ఇల్లంటే కంపెనీ క్వార్టరే, అదీ పోతుంది. తేడా వస్తే తప్పు యంత్రానిది కావచ్చు కదా అని ఎవరూ అడగలేదు.

క్వార్టరు అతనికి గోడలే, అతని భార్యకు కళ్లు. పొయ్యి నుంచి తలుపుకు ఆరడుగులు, తలుపు నుంచి కుళాయికి పదకొండు. ఇక్కడ చెంబు ఒలక్కుండా తిరుగుతుంది. ఇంకో ఇంట్లో అయితే గుడ్డిదే.

ఆరు రోజులుగా అతను యంత్రం అంకెనే తన వైపూ దించాడు. ఆ రోజుల్లో గాలి పెద్దగా లేదు, అబద్ధం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఏడో రోజు పొద్దున తలుపు ఒకటే కొట్టుకుంటుంటే ఆమె గడియ తడుముకుంటూ అంది.

“ఇవాళొక్కటీ దాన్నే రాసెయ్యండి. మీకు తెలిసింది మీ దగ్గరే ఉంటుంది, ఎక్కడికీ పోదు.”

అతను సరేనన్నాడు. నిజంగానే అనుకున్నాడు.

మూడు గంటలకు జెట్ విమానం లోయ మలుపు తిరిగింది. యంత్రాన్ని ప్రారంభించడానికి అధికారి పైఅధికారి అందులోనే వస్తున్నాడు. టవర్‌లో ఉన్న అమ్మాయి గాలి వేగం పన్నెండని పైలట్‌కు చెప్పింది. పన్నెండు మైళ్ల గాలికి కాగితం కూడా సరిగా ఎగరదు. చక్రాలు దిగాయి. అప్పుడు కనుమ మీద గడ్డి పడుకుంది.

ఒకటి. రెండు. క్వార్టరు గుర్తొచ్చింది. మూడు. ఆమె చెంబుతో కుళాయి దగ్గరికి వెళ్లే నడక గుర్తొచ్చింది. నాలుగో అంకె దగ్గర అతని బొటనవేలు దానంతటదే వాకీటాకీ నొక్కింది.

“ఆగాలమ్మా. పైకి లేపమను.”

ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అతన్ని బాబాయ్ అంటుంది. ఇంకేమీ అడగకుండా పైలట్‌కు చెప్పింది. విమానం ముక్కెత్తి, చెవులు పగిలే మోతతో అతని నెత్తి మీదుగా పోయింది. తొమ్మిదికి గాలి దిగింది. గులకరాళ్లు మోకాళ్లకు తగిలాయి. చేతిమీటరు ముప్పై ఎనిమిది చూపించింది. అతను అదే రాశాడు. రన్‌వే ఆ చివర, యంత్రం దగ్గర మాత్రం ఆకులు మెల్లగా కదిలాయంతే.

ఇరవై నిమిషాల తర్వాత విమానం హంసలా దిగింది. పైఅధికారి చొక్కా నిండా వాంతితో దిగాడు. కొత్త అధికారి పుస్తకం తెప్పించుకుని వేలితో వరసలు చూశాడు.

“ఆరు రోజులు అచ్చం కలిసిన మనిషికి, ఏడో రోజు ఈ ముప్పై ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా?”

ఆరు రోజులూ అబద్ధం రాశానని చెప్పడానికి నోరు తెరిచాడు. చెబితే దొంగ, చెప్పకపోతే వెర్రివాడు. వెర్రివాడిగానే ఉండిపోయాడు. నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చెయ్యాలన్నారు. సామాన్లు స్టోరుకు అప్పగించాలన్నారు, స్టోరు నాలుగింటికి మూస్తారు. చీకటి పడేలోపు ఆ పాత గాలిసంచి కూడా దించెయ్యాలన్నారు. గడియారాలు రెండుంటే టైము తెలీదని అధికారి అంటే పక్కనున్నవాళ్లు నవ్వారు.

నాలుగింటికి అతను చేతిమీటరు, వాకీటాకీ, నడుముతాడు అప్పగించి సంతకం పెట్టాడు. అయిదున్నరకు ఉత్త చేతులతో నిచ్చెన ఎక్కాడు. సంచి మూతికి నాలుగు కొక్కేలు. మొదటిది విప్పాడు. అలవాటుకొద్దీ కనుమ వైపు చూసే ఉంటాడు, గడ్డి పడుకోవడం కనబడే ఉంటుంది. తొమ్మిదిలోపు పద్నాలుగు మెట్లు దిగడం ఎవరి వల్లా కాదు. గాలి స్తంభాన్ని ఒక్కసారి ఊపి వదిలింది. కింద తీగ కంచె పక్కన పడి ఉన్న అతన్ని ఎవరో చూసేసరికి గంట దాటింది. అప్పటికి ఒంట్లో వేడి లేదు.

రిపోర్టు మూడో రోజే తయారైంది. ప్రమాద సమయంలో యంత్రం ప్రకారం గాలి వేగం పన్నెండు. నడుముతాడు లేకుండా ఎక్కడం మృతుడి నిర్లక్ష్యం. అందువల్ల కంపెనీ బాధ్యత ఏమీ లేదు. టవర్ అమ్మాయి సాక్షి సంతకం చేసింది. ఆమె చూసిన అంకె పన్నెండే, సంతకం చెయ్యకపోతే తన క్వార్టరు కూడా పోతుంది. ఆ కాగితం మీద అతని భార్య వేలిముద్ర తీసుకురమ్మని ఈ అమ్మాయినే పంపారు.

అమ్మాయి అంతా చదివి వినిపించింది. అతని భార్య గోడకానుకుని చివరిదాకా వింది.

“ఆ సాయంత్రం తలుపు కొట్టుకుంటూనే ఉందమ్మా. గడియ వేసినా ఆగలేదు. పన్నెండుకు తలుపు కొట్టుకోదు.”

 అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని, బొటనవేలికి సిరా రాసి, ఎక్కడ నొక్కాలో చూపించింది.

నెలాఖరుకు ఆ క్వార్టరుకు వేరే తాళం పడింది. గాలిసంచి దించడానికి వేరే మనిషిని ఇంకా వెయ్యలేదు. ఒక కొక్కెం ఊడి, మూడింటి మీద వేలాడుతూ, మాసికలతో సహా నిండుగా ఉబ్బి, అది రన్‌వే అంచు వైపు బిగిసి నిలబడి ఉంది.