అరువు పేరు

ఆ ఆదివారం సుమిరహ్ తొమ్మిదింటికే ఇంటికి వచ్చేసింది. జోగ్జా ఊరి సందుల్లో వీపున బుట్ట కట్టుకుని జమూ కషాయాలు అమ్మడం ఆవిడకి పాతికేళ్ళ పని. సీసాలు ఖాళీ కాకుండా ఏనాడూ గడప తొక్కిన మనిషి కాదు. అలాంటిది పసుపు చింతపండు సీసాలు రెండూ నిండుగానే ఉన్నాయి, కచ్చూరాల సీసా మూతైనా తీయలేదు.

కూతురు వెనింగ్ బుట్ట దించడానికి చెయ్యేసింది.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

"నా ఒంటికేం, రాయిలా ఉన్నా. నా దగ్గర కషాయం కొనే యాత్మి మొగుడు ఫోన్లో జూదమాడి బండి పోగొట్టుకున్నాడట."

"వాడు పోగొట్టుకుంటే నువ్వెందుకు తిరిగొచ్చావు?"

"నేనే పోగొట్టించానట తల్లీ. నడివీధిలో నిలబెట్టి, ఆ ఫోను నా చెవి దగ్గర పెట్టింది యాత్మి. అందులోంచి నేనే మాట్లాడుతున్నా."

"నువ్వేం మాట్లాడావు?"

"ఇంకొక్క గుటక బంగారూ, ఇంకొక్కటే, అని."

చేదుకి మొహం చిట్లించే పిల్లలకి సుమిరహ్ చెప్పే మాట అది. ఆ చుట్టుపక్కల నాలుగు సందుల్లో ఆ మాట విని కషాయం మింగకుండా పెరిగిన పిల్ల లేదు. వెనింగ్ అప్పటికప్పుడు ఆ ఆట ఫోన్లోకి దింపుకుంది. తెర మీద తల్లి నిలబడి ఉంది. అదే ముడి, అదే గోధుమరంగు బాతిక్ అద్దకం లుంగీ, ఎడమ బుగ్గన అదే పుట్టుమచ్చ. ఆవిడ ముందు పసుపుకొమ్ములు, చింతకాయలు, సీసాలు గిర్రున తిరిగి ఆగుతున్నాయి. మూడూ ఒకటే పడితే గెలుపు. పడకపోతే ఆవిడ ముందుకి వంగి, బుజ్జగిస్తూ ఆ మాట అంటుంది. ఓడినవాణ్ణి ఓదార్చి మళ్ళీ ఓడించడానికి ఆ వెధవలకి ఓ తల్లి గొంతే కావలసి వచ్చింది.

వెనింగ్ ఫోను బోర్లా పెట్టేసింది. ఆ బొమ్మ గీసింది తను. ఆ గొంతు రికార్డు చేసింది తను.

నాలుగేళ్ళ కిందట వెనింగ్ సొంతంగా ఒక ఫోను ఆట మొదలుపెట్టింది. తెల్లవారుతుండగా ఒక కషాయాలావిడ సందులు తిరుగుతుంది, ఒక్కో ఇంట్లో ఎవరికేం జబ్బో కనుక్కుని తగిన సీసా వంచుతుంది. అంతే ఆట. గెలుపూ లేదు, ఓటమీ లేదు. తల్లి ముసలిదై బుట్ట దించేసే రోజు వస్తుంది కదా, ఆవిడ నడిచిన తోవ ఎక్కడో ఒకచోట నిలవాలని వెనింగ్ కోరిక. బొమ్మలు ఆమెవి. కోడు రాసింది గాలిహ్.

గాలిహ్ కాలేజీలో ఆమెకి రెండేళ్ళు పెద్ద. హాస్టల్లో టైఫాయిడ్‌తో పడి ఉంటే సుమిరహ్ రిక్షాలో ఇంటికి తెచ్చుకుని ఇరవై రోజులు జావ పోసి బతికించింది. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ ఇంట్లోనే సోయా గింజల టెంపే కూర, అన్నం. వెనింగ్‌కి అన్న లేని లోటు అలా తీరింది.

ఆట అతని పేరున నమోదు చేయించింది వెనింగే. ఆమె హర్తినీ మేడమ్ కంపెనీలో పనిచేస్తోంది. పరాయి దేశాల ఆటలకి చెట్లూ తలుపులూ కత్తులూ గీసిచ్చే కంపెనీ అది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎక్కడ ఏం గీసినా కంపెనీదేనని చేరేటప్పుడు సంతకం పెట్టించుకున్నారు. అందుకని, "అన్నా, నీ పేరు అరువిస్తావా?" అని అడిగింది. ఆ ఊళ్ళో పేరు అరువడగడమంటే వానొస్తుంటే గొడుగు అడిగినంత తేలిక. తమ్ముడి బండి బావ పేరున ఉంటుంది, పిన్ని కొట్టు మేనల్లుడి పేరున ఉంటుంది. దానికి కాగితం రాయించుకోవడం మాత్రం ఎవరూ చేయరు. కాగితం అడిగితే మొహం మీద నమ్మలేదని చెప్పినట్టే. వెనింగ్ కూడా అడగలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఆటని ఎవరూ తీసుకోవడం లేదు, కాస్త ఓపిక పట్టమని గాలిహ్ ఏడాదిగా చెబుతూనే ఉన్నాడు.

జూదం ఆట తీసేయమని వెనింగ్ ఆ యాప్ స్టోరుకి ఫిర్యాదు పంపింది. మూడోనాడు నాలుగు వరుసల జవాబు వచ్చింది. బొమ్మా, గొంతూ గాలిహ్ పేరున నమోదై ఉన్నాయి, అతని అనుమతితోనే వాడుతున్నారు, మీరు హక్కుదారు కారు.

పేరు అరువిచ్చిన మనిషి వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది వెనింగ్. గాలిహ్ ఎప్పట్లాగే నవ్వుతూ ఎదురొచ్చాడు, టీ పెట్టాడు, అమ్మ ఎలా ఉందని అడిగాడు.

"అమ్మ వీధిలోకి వెళ్ళలేకపోతోంది అన్నా. ఆ ఆట నీకు తెలుసా?"

అతను చెంచాతో టీ తిప్పాడు.

"ఎవరో విదేశీ కంపెనీవాళ్ళు వెనింగ్. చిన్న చిన్న ఆటల్లోకి వాడుకుంటామన్నారు. జూదమని నాకేం తెలుసు?"

వెనింగ్‌కి ప్రాణం లేచొచ్చినట్టయింది. మోసపోయింది తామిద్దరమూనని అనుకుంది. సిగ్గు విడిచి చెప్పుకోవాలంటే, అలా అనుకోవాలనే దారి పొడుగునా ఆశపడింది.

"హమ్మయ్య. అయితే వెనక్కి తీసుకో. ఇవాళే ఉత్తరం రాద్దాం."

"అదంత సులువు కాదు. ఒప్పందం ఐదేళ్ళది."

"తెలియక చేశానని చెప్పు."

గాలిహ్ మళ్ళీ చెంచా అందుకున్నాడు. అప్పుడు తట్టింది వెనింగ్‌కి.

"అన్నా, అమ్మ గొంతు రికార్డింగు నలభై నిమిషాలు కదా. మధ్యలో కోళ్ళ కూతలు, బండి హారన్లు, పక్కింటావిడ నవ్వులు. ఆ ఒక్క ముక్కా ఎవరు కోశారు?"

చెంచా ఆగింది.

"అది నీ దగ్గరా, నా దగ్గరా తప్ప లేదు," అంది వెనింగ్.

"వాళ్ళు అడిగారు."

"ఏమని?"

"ఓడిపోయినప్పుడు పలికే మాటేదైనా ఉందా అని."

"నువ్వు నలభై నిమిషాలూ విని, వెతికి ఇచ్చావా?"

గాలిహ్ గొంతు పెంచలేదు. ఆ ఊళ్ళో పెంచరు. "నాలుగేళ్ళు కోడు రాశాను. ఎక్కని గుమ్మం లేదు. కషాయం పోసే ముసలమ్మ ఆట ఎవడిక్కావాలి అని మొహం మీదే నవ్వారు. ఆ నవ్వులు నువ్వు పడ్డావా? నువ్వు హాయిగా ఉద్యోగం చేసుకున్నావు. వాళ్ళొక్కళ్ళే బొమ్మ బాగుందన్నారు. నీకూ వాటా ఇద్దామనే అనుకున్నా."

"అన్నం పెట్టిన మనిషిని జూదంలో కూర్చోబెట్టావు, నాకు వాటా ఇస్తావా!"

"సరే, వెళ్ళి చెప్పుకో బొమ్మ నీదని. ఏమని చెప్తావు? ఎవరి ఆఫీసులో కూర్చుని గీశావో కూడా చెప్తావా?"

దొంగకి తేలు కుట్టినట్టయింది వెనింగ్ పని. ఇంట్లో బొమ్మలు గీసే ఎలక్ట్రానిక్ పలక పాడైతే, ఆ బొమ్మంతా ఆఫీసు కంప్యూటరు మీద, భోజనం వేళల్లో గీసింది. ఆ సంగతి గాలిహ్‌కి తప్ప పురుగుకి కూడా తెలియదు. చెప్పుకుంటే బొమ్మ కంపెనీదవుతుంది, ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే అమ్మ ఆ ఫోన్లోనే ఉండిపోతుంది.

ఆమె లేచి నిలబడింది. పద్నాలుగేళ్ళుగా నువ్వు అన్న మనిషిని మొదటిసారి మీరు అంది.

"టీ ఇచ్చారు, సంతోషం. వెళ్ళొస్తానండి."

ఆ ఊరివాళ్ళకి ఒళ్ళు మండితే తిట్లు రావు, మర్యాదలొస్తాయి. గాలిహ్ మొహం పాలిపోయింది. ఉమ్మేసినా అంత పాలిపోయేది కాదు.

ఇంటికొచ్చేసరికి సుమిరహ్ అరటాకులు తుడుస్తోంది. "గాలిహ్ బావున్నాడా? చిక్కాడా? ఏమైనా తింటున్నాడా?" అని వరసపెట్టి అడిగింది. వెనింగ్ అంతా చెప్పేసింది. సుమిరహ్ తుడిచిన ఆకులే మళ్ళీ తుడిచింది. మర్నాడు బుట్ట కట్టుకుని బయల్దేరింది గానీ, కషాయమంటూ పిలిచే పిలుపు లేదు. సందుల వెంట నోరు మూసుకుని నడిచింది. పిలవని కషాయాలావిడ వచ్చినట్టు ఎవరికి తెలుస్తుంది? అన్ని సీసాలూ ఇంటికి మోసుకొచ్చింది. ఆ నిండు సీసాలు చూశాక వెనింగ్ ఇంక ఆగలేకపోయింది.

హర్తినీ మేడమ్ అంటే ఆఫీసులో అందరికీ హడలు. ఐదు నిమిషాలు ఆలస్యమైతే మనిషిని చూడదు, గడియారాన్ని చూస్తుంది. వెనింగ్ ఆవిడ ఎదుట నిలబడి తలొంచుకుని మొత్తం చెప్పింది. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"గీసింది ఇక్కడేనా?"

"ఇక్కడే మేడమ్. భోజనం వేళల్లో."

"నన్నెందుకు అడగలేదు?"

"మీరు ఒప్పుకోరనుకున్నాను."

"సొంత ఆట చేసుకుంటామని ఇద్దరు అడిగారు ఇదివరకు. ఇద్దరికీ అభ్యంతరం లేదని రాసిచ్చాను. నకళ్ళు ఆ సొరుగులోనే ఉన్నాయి, చూస్తావా?"

వెనింగ్ చూడలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. భయపడ్డ మనిషి అడిగితే ఇచ్చేది. నమ్మిన మనిషి అడక్కుండా అమ్మేశాడు. ఈ తెలివి నాలుగేళ్ళ కిందట ఉండొద్దూ?

"ఇప్పుడు రాసివ్వండి మేడమ్."

"ఇవాళ రాస్తే ఇవాళ్టి నుంచి గీసేవాటికే. పాత తేదీ వేసి నేను సంతకం పెట్టను, నువ్వేడ్చినా పెట్టను. ఆ బొమ్మ గీసినప్పుడు అది కంపెనీది. కంపెనీది అని నువ్వు ఒప్పుకుంటే అతని నమోదు నిలవదు. మీ అమ్మని ఆ జూదంలోంచి నేను బయటికి తెస్తాను. కానీ మళ్ళీ నీ చేతికివ్వలేను. భాగస్వాములున్నారు నాకు, కంపెనీ వస్తువు పంచిపెట్టడానికి నేనెవర్ని? బాగా ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చాను మేడమ్."

వారం తిరక్కుండా కంపెనీ వకీలు హందోకో అందర్నీ తన గదికి పిలిచాడు. గొంతు సుమిరహ్‌ది కాబట్టి ఆవిడా వచ్చింది, ఉన్నవాటిలో మంచి కెబాయా రవిక తొడుక్కుని. గాలిహ్ ఇస్త్రీ బాతిక్ చొక్కాలో వచ్చాడు. వెనింగ్ నోరు విప్పదని అతని ధీమా.

వకీలు బొమ్మ ముందు పెట్టి అడిగాడు. "ఇది గీసిందెవరు?"

"నేనే," అన్నాడు గాలిహ్. బొమ్మలోని మనిషి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది. ఆవిడ మొహం చూడకుండానే అన్నాడు.

"అబద్ధమండీ," అంది వెనింగ్. "నేను గీశాను. మేడమ్ గారి కంప్యూటరు మీద, వారి కలంతో, వారి జీతం తింటూ గీశాను."

హర్తినీ మేడమ్ తను వెంట తెచ్చిన కంప్యూటరుని వకీలు వైపు తిప్పింది. మొదటి పిచ్చిగీత నుంచి చివరి పుట్టుమచ్చ దాకా రెండు వందల పైచిలుకు బొమ్మలు, తేదీలతో సహా ఉన్నాయి. వకీలు ఒక్కొక్కటే తెరుస్తుంటే గాలిహ్ కళ్ళప్పగించి చూశాడు. కాసేపటికి వెనింగ్ వైపు వంగి, "పిచ్చిదానా, నీకేం మిగుల్తుందే?" అన్నాడు నెమ్మదిగా.

"మా అమ్మ వీధిలో తలెత్తుకుని తిరుగుతుందండి."

అతను నమోదు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టి లేచాడు. పోతూ పోతూ, పెద్దల చెయ్యి నుదుటికి తాకించుకునే అలవాటు కొద్దీ సుమిరహ్ ముందు వంగి చెయ్యి చాచాడు. సుమిరహ్ తన చెయ్యి భుజం మీది కండువాలో దాచుకుంది. అతను కాసేపు అలాగే వంగి ఉండి వెళ్ళిపోయాడు.

వకీలు స్టాంపు అంటించిన కాగితం వెనింగ్ ముందుకి జరిపాడు. బొమ్మ గీసినది వెనింగ్ అని పైన రాసి ఉంది. ఆ ఆట విషయంలో ఆమె పేరు కాగితం మీదికెక్కడం అదే మొదలు. దాని మీద నాకు ఏ హక్కూ లేదు అని కిందే ఉంది. పేరున్న వరుస రెండుసార్లు చదువుకుని సంతకం చేసింది.

రెండో కాగితం సుమిరహ్‌ది. ఆ రికార్డింగులోని గొంతూ మాటలూ కంపెనీవేనని.

"ఇక్కడ పెట్టండమ్మా. ఇది వెళ్తే వారంలో ఆ జూదంలోంచి తీసేస్తారు," అన్నాడు వకీలు.

సుమిరహ్ కలం పట్టుకుని ఆగింది.

"అయ్యా, ఇది పెడితే రేపు వీధిలో పిల్లలతో ఆ మాట నేను అనొచ్చా?"

హర్తినీ మేడమ్ కిటికీ వైపు తిరిగింది. వకీలు నవ్వాడు. "అయ్యో, అదేం మాటమ్మా! మీ నోరు, మీ ఇష్టం. మిమ్మల్నెవరు కాదంటారు?"

జన్మలో ఎవరినీ కాగితం అడిగి ఎరగని మనిషి సుమిరహ్. ఆవిడ కలం బల్ల మీద పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అయితే అది కూడా రాయండి బాబూ."