రాతికాగితం మీద నల్లటి చోటు

మై వాళ్ళింటికి నేను వెళ్ళింది కెమిస్ట్రీ నోట్స్ కోసం, తీరా నోట్స్ అక్కడే మర్చిపోయి వచ్చాను.

అది 1986 జులై. మై, నేనూ ఒకే కాలేజీ, సమ్మర్‌లో లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం కూడా ఇద్దరికీ ఒకటే. నాకు శాసనాల పిచ్చి అని దానికి బాగా తెలుసు, ఎందుకంటే బ్రేక్‌లో శాండ్‌విచ్ తింటూ కూడా నేను అవే మాట్లాడతాను. నాకు పదేళ్ళప్పుడు, మేమింకా హైదరాబాద్‌లో ఉండగా, స్కూల్ వాళ్ళు మ్యూజియంకి తీసుకెళ్ళారు. అక్కడ ఒక రాయి మీద ఎవరో ఒకావిడ గుడిలో దీపం ఆరకుండా వెలగడానికి ఇరవై ఐదు మేకలు ఇచ్చిందని రాసుందట, టీచర్ చదివి చెప్పింది. ఆ మేకలు ఏమయ్యాయో అని నాకు ఇప్పటికీ అనుమానమే.

"మా బాకి నీ గురించి చెప్పాను, పిచ్చిది అని," అంది మై. "అలాంటి వాళ్ళే కావాలంది. రా."

బా అంటే వాళ్ళ భాషలో బామ్మ. నిజానికి ఈ బా మై వాళ్ళ నాన్నకి మేనత్త. పేరు న్యాన్, వయసు డెబ్భై ఎనిమిది, పిల్లల్లేరు. 1954లో ఉత్తర వియత్నాంలో ఊరు వదిలి మేనల్లుడితో దక్షిణానికి వెళ్ళింది, 1975లో మళ్ళీ అతనితోనే ఇక్కడికి, వర్జీనియాకి. ఇంగ్లీష్‌లో ఆవిడకి వచ్చినవి రెండే ముక్కలు, "ఈట్" ఒకటి, "టూ స్కిన్నీ" ఒకటి. నన్ను చూడగానే రెండూ వాడేసింది.

తర్వాత సూట్‌కేసులోంచి ఒక కాగితం తీసి మంచం మీద పరిచింది. తలుపంత పొడుగు. మొత్తం నలుపు, ఆ నలుపులో తెల్లగా చైనా అక్షరాలు, వరసలు వరసలు. నేను మంచం మీదికి వంగి చూశాను. రాతి మీద తడి కాగితం అద్ది పైన సిరా కొడితే వచ్చే ముద్ర. రాయి చెక్కిన చోట తెల్లగా, చెక్కని చోట నల్లగా వస్తుంది. ఫొటోల్లో చూశాను గానీ చేత్తో ముట్టుకోవడం అదే మొదలు.

మై ట్రాన్స్‌లేట్ చేసింది. ఆ రాయి వాళ్ళ ఊరి దేవుడి మండపంలో ఉండేది. యుద్ధాలు అవీ అయ్యాక ఎవరో దాన్ని పీకి, కాలవ మీద బోర్లా వేసి వంతెన చేసేశారు. ఈ మధ్యే తిరగేసి, ముద్ర తీసి, పారిస్‌లో ఉన్న చుట్టాల ద్వారా పంపించారు. బాకి చైనా అక్షరాలు రావు, మై వాళ్ళ నాన్నకీ రావు.

"ఆవిడకి ఒక్కటే కావాలి," అంది మై. "అందులో చనిపోయిన రోజు చెక్కి ఉందా, లేదా."

"ఎవరు చనిపోయిన రోజు?"

"ఏమో. అడిగితే, ముందు చదివించు, తర్వాత చెప్తానంటోంది."

ఎవరో పూర్వీకులై ఉంటారు, తద్దినం తిథి కోసం అనుకున్నాను. మా అమ్మ కూడా తాతగారి తిథి కోసం పంచాంగం తెప్పించడానికి నానా తంటాలు పడుతుంది, కాబట్టి నాకు అందులో వింతేం కనబడలేదు.

మర్నాడే మై కారేసుకుని ముగ్గురం ఆర్లింగ్టన్ వెళ్ళాం. అక్కడ లాం గారని ఒకాయన మూలికల కొట్టు నడుపుతాడు. వియత్నాంలో పుట్టిన చైనీయుడు, రెండు భాషలూ వచ్చు. కొట్టంతా ఎండిన వేళ్ళు, బెరడ్లు, గాజు సీసాలు. ఆయన కౌంటర్ మీద సీసాలన్నీ పక్కకి జరిపి, కాగితం పరిచి, కళ్ళజోడు మార్చుకుని చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో లైనూ చదవడం, వియత్నామీస్‌లో చెప్పడం, మై నాకు ఇంగ్లీష్‌లో చెప్పడం. నేను నోట్‌బుక్‌లో గబగబా గీకడం, మధ్యలో పెన్ను ఆగిపోతే లాం గారి పెన్ను లాక్కోవడం.

ఊళ్ళో ఒకావిడ. భర్త పోయాడు, సంతానం లేదు. తన పాతిక సెంట్ల వరి పొలం ఊరికి రాసిచ్చింది. దానికి బదులు ఊరు ఆవిడకి మాట ఇచ్చింది. ఆవిడ పోయాక ఏటా ఆ రోజున, ఊరివాళ్ళంతా కలిసి, కొడుకులు పెట్టినట్టే పెడతారు. ఒక పళ్ళెం జిగురన్నం, ఒక కోడి, బియ్యపు సారా, తమలపాకులు. ఈ మాట తప్పినవాళ్ళని ఊరి దేవుడు చూస్తాడు. 1943లో చెక్కారు.

నాకు ఒళ్ళంతా పులకరించింది. మేకలిచ్చినావిడ గుర్తొచ్చింది. తిండి పెట్టే కొడుకు లేకపోతే ఊరిని కొడుకుగా కొనుక్కోవడం, దాన్ని రాయి మీద రాయించుకోవడం, ఎంత తెలివి. నేను ఇలా ఎగురుతుంటే లాం గారు పేరు దగ్గర ఆగి మైని ఏదో అడిగాడు. మై మొహం మారిపోయింది.

"రేణూ," అంది మెల్లగా. "న్యాన్ ఎవరని అడుగుతున్నాడు. ఈ రాయి బాది."

నేను బా వైపు చూశాను. ఆవిడ స్టూల్ మీద కూర్చుని, వేళ్ళ సీసాల్లోకి చూస్తోంది, ఆ మాటకీ తనకీ సంబంధం లేనట్టు.

అప్పుడు బా చెప్పింది. ఇలాంటి రాళ్ళు బతికుండగానే చెక్కిస్తారట. రోజు కోసం చోటు వదిలేస్తారు, పోయాక చెక్కుతారు. ఆవిడ ముప్పై రెండేళ్ళ క్రితం ఊరు వదిలేసింది. పొలం ఊరి ఉమ్మడి సేద్యంలో కలిసిపోయింది. ఇక్కడ మేనల్లుడి కుటుంబం, తమని స్పాన్సర్ చేసి తీసుకొచ్చిన చర్చిలో చేరిపోయింది. మంచివాళ్ళే, బాగా చూస్తారు, కానీ పోయినవాళ్ళకి అన్నం పెట్టే అలవాటు మానేశారు. వాళ్ళని అడగడం ఆవిడకి ఇష్టం లేదు. ఇక మిగిలింది ఆ రాయి ఒక్కటే. ఆవిడ సముద్రంలో పోయిందని ఊళ్ళో చాలాకాలం అనుకున్నారని పారిస్ చుట్టాలు ఒకసారి రాశారు. అలా అనుకున్నప్పుడు, ఎవరైనా ఆ ఖాళీలో రోజు చెక్కారా? చెక్కితే ఏటా పెడుతున్నట్టే. చెక్కకపోతే ఊరు ఆవిడని మర్చిపోయినట్టే.

లాం గారు వేలితో చివరి వరస దాకా వచ్చాడు. "పెట్టవలసిన రోజు," అని చదివాడు. ఆ కింద అంతా నలుపు. గీతంటే గీత లేదు.

నేను ఊరుకోవచ్చు కదా. "ఖాళీ," అన్నాను మైతో, నేనేదో కనిపెట్టినట్టు. "చెక్కని రాయి ఇలాగే నల్లగా వస్తుంది. రోజు లేదు, చెప్పు."

మై చెప్పింది. బా తల ఊపి, లేచి, కాగితం పాత మడతల మీదే మడిచి, లాం గారికి రెండు చేతులతో దణ్ణం పెట్టి కారెక్కేసింది. దారి పొడుగునా నాకు "ఈట్" అనలేదు.

ఆ ఆదివారం హరనాథ్ అంకుల్ వాళ్ళింట్లో భోజనం. అంకుల్ సాయిల్ సైంటిస్ట్, మా అమ్మావాళ్ళకి ఇక్కడికొచ్చిన కొత్తలో దొరికిన మొదటి తెలుగు మనిషి. వాళ్ళ నాన్నగారు మద్రాసులో శాసనాల ఆఫీసులో ముద్రలు తీసే పని చేసేవారు. నేను పప్పు కలుపుకుంటూ మొత్తం చెప్పాను.

"ఏమ్మా, ముద్రని ఏ వైపు నుంచి చూశారు?" అన్నారు అంకుల్.

"ఏ వైపేంటి అంకుల్, అక్షరాలున్న వైపు."

"అంటే సిరా వైపు. వెనక్కి తిప్పలేదు."

"వెనక ఏముంటుంది?"

అంకుల్ చెంచా కింద పెట్టారు. వంకాయ కూర తెస్తున్న ఆండాళ్ ఆంటీ నిట్టూర్చింది. "అయిపోయింది. వాళ్ళ నాన్నగారి బ్రష్షు వచ్చేసింది. రేణూ, ఇక కూర నువ్వే వడ్డించుకో."

"నువ్వుండు. చూడమ్మా, తడి కాగితాన్ని రాతి మీద వేసి బ్రష్షుతో బాదితే, అది ప్రతి గీతలోకీ దిగుతుంది. తర్వాత సిరా కొడతాం. సిరా పైపైన అంటుతుంది. గీత లోతుగా లేకపోతే, సిరా ఎక్కువైతే, గీత కూడా నిండిపోతుంది, కంటికి కనబడదు. కానీ కాగితం దిగింది దిగినట్టే ఉంటుంది. వెనక్కి తిప్పితే ఉబ్బుతుంది. మా నాన్నగారు కళ్ళు మూసుకుని వేలితో చూసేవారు. మీరు సగం చూసి ఆవిడకి ఊరు మర్చిపోయిందని చెప్పొచ్చారు."

కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశాను. "సారీ అంకుల్" అన్నాను, అంకుల్‌కి ఎందుకు చెప్పానో తెలీదు.

"నాకెందుకు. ఫోన్ చెయ్యి ఆ పిల్లకి."

బా మొదట రానంది. ఒకసారి విన్నది చాలు అందట. మై అరగంట బతిమాలింది. ఆఖరికి, "ఆ అంకుల్ వాళ్ళ నాన్న బతుకంతా రాళ్ళకి కాగితాలు అంటించాడు బా," అంటే, "అయితే అతనూ పిచ్చివాడే," అని చెప్పులేసుకుందట.

మళ్ళీ అదే కొట్టు, ఈసారి అంకుల్ స్టేషన్ వాగన్‌లో ఆయన, నేను, మై, బా. అంకుల్ ఆవిడకి నమస్కారం పెట్టారు, ఆవిడా పెట్టింది, ఇద్దరూ ఒకేలా పెట్టారు. అంకుల్ కౌంటర్ తుడిపించి, కింద మెత్తగా తువ్వాలు వేయించి, కాగితాన్ని సిరా వైపు కిందికి పెట్టారు. లాం గారిని షట్టర్ సగం దింపమన్నారు. టార్చి లైటుని కాగితానికి ఆనించి పక్కనుంచి వేశారు.

ఖాళీ కాగితం అనుకున్నది కింద గింజలు పోసినట్టు లేచింది. అక్షరాలన్నీ తిరగబడి, ఉబ్బి, నీడలతో నిలబడ్డాయి. అంకుల్ టార్చిని కొంచెం కొంచెం జరుపుతూ చివరి వరస దాకా తెచ్చారు. అక్కడ కూడా ఉంది. సన్నగా, వంకరగా, మిగతా వాటిలా ఉలితో చెక్కినట్టు కాదు, కత్తితో గీకినట్టు. కానీ ఉంది.

లాం గారు వంగి, కళ్ళజోడు తీసేసి, చూపుడు వేలితో తడిమాడు. "ఎనిమిది," అన్నాడు. ఆగాడు. "నెల. పది, రెండు. రోజు. ఎనిమిదో నెల, పన్నెండో రోజు."

మై నాకు ఇంగ్లీష్‌లో చెప్పేలోపే బాకి అర్థమైపోయింది. ఆవిడ స్టూల్ దిగి, వచ్చి, తన వేలు కూడా అక్కడ పెట్టింది. చాలాసేపు పెట్టింది. తర్వాత గలగలా మాట్లాడింది, మై ఆపి ఆపి చెప్పింది.

అది ఆవిడ ఊరు వదిలిన రోజు. పౌర్ణమికి, అంటే పిల్లలు లాంతర్లు పట్టుకు తిరిగే పండగకి, మూడు రోజుల ముందు. మనిషి ఏమయ్యాడో తెలీనప్పుడు, ఇల్లు వదిలిన రోజునే పోయిన రోజుగా పెట్టుకుంటారట వాళ్ళు. ఆ రోజు తెల్లవారకముందే ఎవరికీ చెప్పకుండా బయల్దేరారు, ఊళ్ళో ఎవరికీ రోజు తెలీదు. తెలిసింది, ఆవిడని రేవు దాకా దిగబెట్టిన తోడికోడలు ఒక్కదానికే. వాళ్ళిద్దరికీ పెళ్ళైన దగ్గర్నుంచీ పడదు, కోళ్ళ గూడు దగ్గర రోజూ గొడవేనట.

"ఈ చోట సిరా మూడు పూతలేశారు," అన్నారు అంకుల్, కాగితం తిప్పి వాసన చూస్తూ. "మిగతా అంతా ఒక్కటే. తెలీక జరిగింది కాదిది. కావాలనే వేసి కప్పేశారు. ఎందుకో మరి."

మై అది చెప్పగానే బా నవ్వడం మొదలుపెట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ముద్రతో పాటు వచ్చిన ఉత్తరం ఆ తోడికోడలి ఇంటినుంచేనట. "మీరు బతికే ఉన్నారని తెలిసింది, మీ రాయి దొరికింది, మీ పేరు చెక్కుచెదరలేదు," అని రాశారట, రోజు మాటే ఎత్తలేదట.

"సిగ్గుపడ్డారంటోంది," అంది మై. తనూ నవ్వుతోంది. "బతికున్న మనిషికి చావు రోజు చెక్కేశాం, ఇప్పుడు ఆవిడకే చూపించాలి, ఏం చెయ్యాలి? నల్లగా పులిమేశారు."

"మరి నిజంగా పెడుతున్నారంటావా?" అన్నాను. నాకు మేకల సంగతిలా ఇదీ తేలకుండా పోతుందని భయం. "పొలం కూడా లేదు కదా వాళ్ళకి."

బా నాకేసి చూసి చెప్పింది. "కోడి పెట్టి ఉండరు. ఆ యుద్ధాల కరువులో కోడెక్కడిది. అన్నం పెట్టి ఉంటుంది. పొలం పోయాక కత్తి పట్టుకుని రాయి గీకిన మనిషి అన్నం పెట్టకుండా ఉంటుందా?"

లాం గారు గోడ మీది చాంద్రమాన క్యాలెండర్ తిప్పి, ఈ ఏడు ఆ రోజు సెప్టెంబర్ పదిహేను, సోమవారం అన్నాడు. "నాకు కెమిస్ట్రీ ల్యాబ్ ఉంది," అంది మై వెంటనే, తర్వాత నాలిక కరుచుకుంది. "అది కాదు బా, మానేస్తాను, మేం ఇక్కడ ఏం చెయ్యాలో చెప్పు."

"ఏం చెయ్యద్దు. మీ నాన్నని ఇబ్బంది పెట్టకు. అక్కడ చేస్తున్నారు కదా." తర్వాత కౌంటర్ మీది బిల్లు పుస్తకం చూపించి కాగితం చింపమంది. "ఒక ఉత్తరం రాసిపెట్టు."

మై వియత్నామీస్ రాయడం మర్చిపోయింది, అక్షరాల మీద గుర్తులు ఎక్కడ పెట్టాలో లాం గారు చెప్తున్నాడు. అంకుల్ టార్చి ఆర్పి కాగితాన్ని జాగ్రత్తగా చుడుతున్నారు, ఈసారి మడతలు పెట్టనివ్వలేదు. బా నిలబడే చెప్పింది, రెండే లైన్లు. మై రాసి నాకు చదివి వినిపించింది.

"ముద్ర అందింది. రోజు సరిగ్గానే ఉంది, నేనెప్పుడు పోయినా దాన్ని మార్చొద్దు."