ఆయన రిపోర్టు

పగటిపూట మా ఇంట్లో కుక్కరు కూత వేయకూడదు. మా ఆయన రఘునందన్ రాత్రంతా నోయిడా కాల్‌సెంటర్లో పనిచేసి, పొద్దున ఏడింటికి ఘాజియాబాద్‌లోని మా ఫ్లాటుకొచ్చి పడుకుంటాడు. అందుకే సెలవురోజుల్లో పప్పు గిన్నెలోనే ఉడికిస్తాను. పక్కింటి ఆంటీ వస్తున్న అలికిడి వినగానే, బెల్లు కొట్టకముందే తలుపు తీస్తాను. పెళ్లయి ఆరేళ్లు. పిల్లల్లేరు. ఇంటిపని లాగే ఆ లోటూ నాదేనని ఎవరూ చెప్పకుండానే తేలిపోయింది. నెలనెలా ఇంజెక్షన్లు వేయించుకున్నాను. ట్యూబుల్లోకి మందెక్కించి ఎక్స్‌రే తీసిన రోజు కడుపు పట్టుకునే స్కూలుకెళ్లి నాలుగు పీరియడ్లు పాఠం చెప్పాను. స్టాఫ్‌రూములో ఒకావిడ సీమంతానికి నన్ను తప్ప అందర్నీ పిలిచి, "కిరణ్మయీ, నువ్వేమీ అనుకోకు" అంది. తెనాలి నుంచి అత్తయ్య ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, "ఏవమ్మా, ఈ నెలైనా ఏవన్నా విశేషమా? మా వంశంలో ఇట్లాంటిది లేదు మరి" అనేది.

కిందటి నెల కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లాను. సరోజినిగారు తెలుగావిడే. నా ఫైలంతా తిరగేసి, "అన్నీ బాగానే ఉన్నాయి. మీవారి రిపోర్టేదీ?" అన్నారు. ఆరేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి.

ఇంటికొచ్చి చెబితే రఘునందన్ నవ్వాడు. "నాకేం రోగం?"

"రోగమని కాదు. మీ పరీక్ష అయ్యేదాకా నేను ఇంకో సూది వేయించుకోను" అన్నాను. గొంతు పెంచలేదు. పది రోజులు మాట్లాడలేదు ఆయన. పదకొండో రోజు చొక్కా వేసుకుని, "పద" అన్నాడు.

రిపోర్టులో వీర్యకణాల సంఖ్య తక్కువ, కదలిక ఇంకా తక్కువ. డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. "చీకట్లో పడుకుంటే మన ఒంట్లో మెలటోనిన్ అనే హార్మోను బాగా తయారవుతుంది. రాత్రంతా లైట్ల కింద కూర్చుంటే తగ్గిపోతుంది. వీర్యకణాలు దెబ్బతినకుండా చూడటంలో దానికీ పాత్ర ఉన్నట్టు పరిశోధనలు చెప్తున్నాయి. మీకు అదొక్కటే కారణమని అనను, సిగరెట్లు కూడా ఉన్నాయిగా. పగటి షిఫ్టు అడగండి. మూడు నెలల తర్వాత చూద్దాం."

"దానికి మాత్రలుంటే రాసివ్వండి" అన్నాడు రఘునందన్.

"మాత్రలు ఇప్పుడే వద్దు. ముందు రాత్రిళ్లు నిద్రపోండి."

బయటికొచ్చాక నాకు ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. విపరీతంగా ఆకలేసింది. రోడ్డు పక్క బండి దగ్గర నిలబడి రెండు ప్లేట్ల ఛోలే కుల్చా తిన్నాను. బండి భయ్యా ఇంకో ఉల్లిపాయ ముక్క వేస్తే అదీ తిన్నాను. ఆరేళ్లుగా అనుమానంతో చూసుకున్న నా ఒళ్లు, ఎండలో హాయిగా, నాదిగా నిలబడింది. పిల్లలు పుడతారో లేదో తెలియదు. తెలియకపోయినా ఊపిరాడుతోంది.

ఆటోలో రఘునందన్ మెల్లగా అన్నాడు, "షిఫ్టు మార్పించుకుంటాలే. అమ్మకి మాత్రం నీ ట్రీట్‌మెంటే నడుస్తోందని చెప్పు."



ఆదివారం ఫోన్ మోగింది. అదే ప్రశ్న. రఘునందన్ పేపరు చాటునుంచి నావైపే చూస్తున్నాడు.

"అత్తయ్యా, నాలో ఏ లోపమూ లేదన్నారు. ఈసారి మీ అబ్బాయికి కూడా పరీక్ష చేశారు. వైద్యం ఆయనకే" అన్నాను.

 తిడుతుందనుకున్నాను.

"రఘు పుట్టేదాకా తొమ్మిదేళ్లు నన్ను గొడ్రాలన్నారమ్మా" అంది అత్తయ్య. ఆ గొంతు నేనెప్పుడూ విన్నది కాదు. "మీ మావయ్యని పరీక్ష చేయించుకోమని ఒక్కరూ అనలేదు. నాకూ అడగాలని తోచలేదు. ఫోన్ వాడికివ్వు."