పావుగంట ఆగాల్సిన మందు

తేనెటీగలు పెంచే దల్‌సు కుంటుకుంటూ లోపలికి రావడం చూసి కూడా డాక్టరు తక్ జున్‌మోకి గుండె ఝల్లుమనలేదు. దల్‌సు భార్య సున్‌రే మే నెలలో ఈ బల్ల మీదే, ఈ డాక్టరు చేతుల్లోనే పోయింది. అప్పటినుంచి జున్‌మో మనసుకి ఏదీ తగలడం లేదు. అన్నం తింటున్నాడు, రుచి లేదు. పడుకుంటున్నాడు, లేస్తున్నాడు. బాధంటూ ఉంటే ఏడ్చి ఊరుకునేవాడే. ఆ బాధ కూడా మొహం చాటేసింది.

"మోకాలు పట్టేసింది డాక్టరుగారూ. పండక్కి ముందు మీ పిన్ని సమాధి మీద గడ్డి కొయ్యడానికి వెళ్లాను. బతికుండగా కొండలెక్కించింది చాలక, పోయాక కూడా ఎక్కిస్తోంది మహాతల్లి! కాస్త విషం ఎక్కించండి."

"ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చుతాను బాబాయ్. తేనెటీగ విషం మానేశాను."

"మానేశారా! ఈ చిల్‌గోక్‌లో విషం వైద్యమంటే మీ నాన్న పేరే చెప్పేవాళ్లు. ఆయన కొడుకై ఉండి ఆ మాట అనడానికి సిగ్గులేదూ? ఎక్కించండి, ఏం కాదు."

కాదనడానికైనా ఓపిక ఉండాలి కదా. జున్‌మో ముసలాయన ముంజేతిని దూదితో తుడిచి, చర్మం కింద రవ్వంత విషం ఎక్కించాడు. ఇది పరీక్ష. పావుగంట ఆగాలి. ఆ చోటు ఎర్రగా పొంగి పాకితే ఇక ఆ మందు ఎక్కించకూడదు. పాకకపోతే మోకాలికి ఎక్కించవచ్చు. ఎన్నిసార్లు వచ్చినవాళ్లకైనా ఇదే పద్ధతి.

సున్‌రే ఒక్కదానికే చెయ్యలేదు. అకేసియా పూలు రాలకముందే తేనె తియ్యాలి, కూర్చునే తీరిక లేదని ఆవిడ తొందరపెట్టింది. నలభై ఏళ్లు తేనెపెట్టెల మధ్య కుట్టించుకున్న మనిషికి పరీక్షేమిటి, ఈగలే ఈవిణ్ణి చూసి భయపడాలి అనుకున్నాడు మన మహానుభావుడు. అలాంటి ఒంటికే ఒక్కోసారి విషం ఎదురు తిరుగుతుందని కాలేజీలో చదివాడు కూడా. చదివింది ఆ పూట గుర్తురాలేదు. భుజానికి ఎక్కించిన నాలుగు నిమిషాలకే ఆవిడ గొంతు మూసుకుపోయింది. ఆ సాయంత్రం ఫైలులో 'పరీక్ష చేశాను, చెయ్యి మామూలుగానే ఉంది' అని రాసేశాడు. అందరికీ అదే చెప్పాడు. అందరూ నమ్మారు.

దల్‌సు తన చేతిని చూసుకున్నాడు. "దానికీ ఆ రోజు ఇలాగే ఉంది కదూ, శుభ్రంగా?"

జున్‌మో తలాడించాడు.

"అయితే చంపింది నేనే." ముసలాయన ఆ మాట ముల్లంగి ధర చెప్పినంత మామూలుగా అన్నాడు. "ఎవరికీ చెప్పలేదు డాక్టరుగారూ. అంతకు మూడు రోజుల ముందు భుజం నొప్పని గోల పెడితే, నేనే మూడు ఈగల్ని పట్టుకొచ్చి కుట్టించాను. మీ పరీక్ష బాగానే ఉందంటే నా ఈగలే కదా దాని ఒంట్లో విషం నింపింది? పెట్టెలన్నీ తగలబెట్టేశాను. అరవై పెట్టెలు, ఈగలతో సహా. బూసాన్ నుంచి అమ్మాయి ఫోన్ చేస్తే ఎత్తను. అమ్మని చంపినవాణ్ణి, దాంతో ఏం మాట్లాడను?"

నిజం చెబితే ఆసుపత్రి పోతుంది, డాక్టరు పట్టా పోతుంది, తండ్రి పేరు పోతుంది. చెప్పకపోతే ఈ ముసలాయన చచ్చేదాకా ఇలాగే ఉంటాడు. రెండూ తెలుస్తూనే ఉన్నాయి. రెండింటికీ లోపల ఏమీ కదలలేదు. అలా కదలకపోవడం చూసి జున్‌మోకి తనంటేనే భయం వేసింది.

"పరీక్ష చెయ్యలేదు బాబాయ్."

"ఇప్పుడేగా చేశారు!"

"పిన్నికి చెయ్యలేదు. చేశానని అబద్ధం రాశాను. మీ మూడు ఈగలు కాదు. చేసింది నేను."

 దల్‌సు చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. గుండీ పెట్టుకున్నాడు. కొడతాడనుకుని జున్‌మో నిలబడే ఉన్నాడు. కొడితే బాగుండుననిపించింది.

"జున్‌మో," అన్నాడు ముసలాయన. డాక్టరయ్యాక ఆయన పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి. "ఈ ముక్క మే నెల్లోనే చెప్పి ఉంటే, నా బిడ్డ ఏడుస్తూ ఫోన్ చేసినప్పుడు ఎత్తేవాణ్ణి కదరా."