తన శవపేటిక తానే మోసినవాడు

కాంతం మొగుడు కొండలరావు అరవై ఏడులో విశాఖ రేవులో సరుకు ఓడెక్కాడు. మొదటి ఏడాది రెండు ఉత్తరాలొచ్చాయి. తరవాత ఉలుకూ పలుకూ లేదు. పన్నెండేళ్ళు నిండాయి కాబట్టి, ఆచారం ప్రకారం వచ్చే సోమవారం దర్భలతో మనిషి బొమ్మ చేసి, అదే కొండలరావనుకుని తగలబెట్టి, కాంతం బొట్టు చెరపాలి. పురోహితుడికి కబురు కూడా వెళ్ళింది.

ఆ వారమే మరిది సత్యం, రేవు దగ్గరి హాలులో మార్నింగ్ షో చూసి పరుగెత్తుకొచ్చాడు.

"వదినా, కౌబాయ్ సినిమాలో ఒకడున్నాడు. అచ్చం మా అన్నే! నువ్వొచ్చి సూడు."

"గుర్రం మీదేటి? మీ అన్నకి సైకిలే రాదు కదరా," అంది కాంతం. అని, చీర మార్చుకుంది.

ఆ సినిమా ఎక్కడ తీశారో తీసినవాళ్ళకే గుర్తుండదు. ఇసుక, గాలికి ఊగే అట్టగోడల ఊరు. వాళ్ళ దగ్గర డబ్బుల్లేవని కాంతానికి ఐదు నిమిషాల్లో తెలిసిపోయింది. ఆరుగురే టోపీలు మార్చుకుని అరవైమందిగా చస్తున్నారు. అందులో ఎడమ భుజం వాల్చి నడిచేవాడొకడు తుపాకీ దెబ్బకి మేడ మీంచి పడ్డాడు. ఆ భుజం కొండలరావుదే. వాడు చచ్చిపోయాడు.

కాసేపటికి శవపేటిక మోస్తున్న నలుగురిలో వాడే! తన పెట్టె తానే మోస్తూ, నటన రానివాడిలా తిన్నగా హాలులోకి చూశాడు. పెద్ద సినిమాల్లో చచ్చినవాడు చచ్చినట్టే ఉంటాడు. ఇలాంటి బీద సినిమాల్లోనే లేచొస్తాడు.

మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ప్రతిసారీ ఆ చూపు నిన్నటికంటే ఒక్క క్షణం ఎక్కువ నిలిచినట్టనిపించింది.

ఆదివారం పొద్దున ఆ సినిమాకి ఆఖరి ఆట. మ్యాట్నీ తెలుగు సినిమాకి జనం అప్పుడే గేటు తోస్తున్నారు. వాడు మేడ మీంచి పడ్డాడు. వెంటనే తెర మీద పొద్దుగూకింది, లైట్లు వెలిగాయి. పెట్టె రానే లేదు.

కాంతం ఆపరేటర్ గది మెట్లెక్కింది. "పెట్టె మోసేది ఏదయ్యా?"

"టైమైపోనాదమ్మా, ఒక రీలు ఎగ్గొట్టీసినాం," అన్నాడు ఆపరేటర్ గవర్రాజు. "మార్నింగ్ షోకి కతెవడికి కావాలి? ఇదిగో, డబ్బా ఇక్కడే ఉంది. సాయంత్రం రైలుకెల్లిపోద్ది."

కాంతం ఆ రేకు డబ్బా మీద చెయ్యి వేసింది. ఇవాళ తిరగని రీలు. అయినా వెచ్చగా ఉంది.

ఇంటికొచ్చేసరికి అత్త నారాయణమ్మ దర్భలు కట్టలు కడుతోంది.

"రేపటిది ఆపీ అత్తా. ఆయన సచ్చాడంటే నాను ఒప్పుకోను."

సత్యం అంతా ముందే ఇంట్లో చెప్పేశాడు. ఇప్పుడు తిట్లు మొదలవుతాయని గుమ్మం బయటికి జరిగాడు. నారాయణమ్మ చేతులు ఆగాయి. తలెత్తకుండా అడిగింది:

"సిక్కిపోనాడేటే, ఆడు?"