తల్లి రొయ్య, లారీ బ్యాటరీ

వీరేంద్ర తన వ్యానుకు లారీ బ్యాటరీ బిగించుకున్న రోజున ఫిషింగ్ హార్బరులో కనిపించిన వాళ్లందరికీ టీ తాగించాడు. పెళ్లికొడుకు కూడా అంత హడావుడి చేయడు. ఉన్నది చిన్న వ్యాను. డ్రైవరు సీటు వెనక చెక్కపెట్టెలో ఇద్దరు మోయాల్సిన బ్యాటరీ, ఇంజనుతో పాటు దాని మీదే ఆధారపడిన మూడు గాలి పంపులు, ఆ పంపుల గొట్టాలు బుడగలు వదిలే నీళ్ల తొట్టె. తొట్టెలో తల్లి రొయ్యలు. వాటిని హార్బరు నుంచి భీమిలి రోడ్డులో రొయ్య పిల్లలను పుట్టించే హేచరీల దాకా ప్రాణాలతో చేర్చడమే అతని బతుకుతెరువు.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. ఎక్కడ చూసినా రొయ్యల చెరువుల పిచ్చి. గుడ్లున్న టైగరు రొయ్య ఒక్కటి ప్రాణంతో వలలో పడితే జాలరి ఇంట్లో ఆ పూట అందరూ నవ్వు ముఖాలతో తిరిగేవారు. హేచరీ వాళ్ల కట్టుబాటు మాత్రం ఒక్కటే. తమ నీళ్లలో వదిలాక రొయ్య కాళ్లాడించాలి. ఆడించిందా, అడిగినంత ఇస్తారు. లేదంటే అది వట్టి కూర రొయ్య, ఇంటికి పట్టుకుపొమ్మంటారు.

గాజువాకలో బ్యాటరీల షాపు నడిపే సత్యం, బిగించిన రోజునే చెప్పాడు.

“బేటరీ పెద్దదెట్టించుకున్నావు, బాగానే ఉంది బావా. దాన్ని నింపాల్సిన ఆల్టర్నేటర్ మాత్రం బండితో వచ్చిన సిన్నదే కదా. నింపదని కాదు, నింపుద్ది. కానీ గంటల తరబడి బండి పరిగెట్టాల. నువ్వేమో ఇంజనాపీసి పంపులాడిత్తావు. వారానికోపాలి బండి నా కాడ ఒగ్గీసెల్లు, రాత్రంతా సార్జింగెడతాను.”

“బండి నీ కాడుంటే నాకు కిరాయిలెవుడిత్తాడు బావా?” అని నవ్వేశాడు వీరేంద్ర.

మూడు నెలలు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అతన్ని చెడగొట్టింది. బ్యాటరీకి నోరుంటే బాగుండేది. రోజూ తాగేది చెంబెడు, ఇచ్చేది బిందెడు అని చెప్పుకునేది. పైగా వీరేంద్రకు ఇంకో అలవాటుంది. పల్లం వచ్చిందంటే చాలు, తాళం తిప్పి ఇంజను ఆపేసి, బండిని దానంతట దాన్ని జారనిస్తాడు. ఎత్తుపల్లాల ఊరు కదా, అక్కడి డ్రైవర్లు చాలామంది అంతే. పెట్రోలు మిగిలిందని మురిసిపోయేవాడే కానీ, ఇంజను ఆగినంతసేపూ ఆల్టర్నేటర్ కూడా నిద్రపోతుందని, వెనక పంపులు మాత్రం తింటూనే ఉంటాయని అతని బుర్రకు ఎక్కలేదు.

అతని అక్క గురువమ్మ మొగుడు ఎల్లారావు. రెండు నెలల కింద రేవు బయట ఆగివున్న ఓడ కదిలి అతని వలను పీలికలు చేసింది. ఓడను ఎవరు అడుగుతారు? కొత్త వల కొనే తాహతు లేదు. వల లేకపోతే స్టీలు ప్లాంటులో కాంట్రాక్టరు దగ్గర మట్టి మోయడమే. నలభై ఏళ్లు సముద్రం మీద తిరిగిన మనిషికి ఆ మాట వింటేనే ముద్ద దిగేది కాదు. మిగిలిన ముక్కలను గురువమ్మ కూర్చుని కుట్టింది. ఆ అతుకుల వలలోనే, ఒక రోజు తెల్లవారుజామున, తల్లి రొయ్య పడింది. జానెడు పైన పొడవు, నల్లటి చారలు, వీపు పొడుగునా పచ్చగా గుడ్లు.

“ఒరే తమ్ముడా, మా కొత్త వల ఇదేరా. జాగర్తగా తీసుకెల్లు,” అంది గురువమ్మ, తొట్టె పక్కన కూర్చుని.

హేచరీకి ఫోను చేస్తే పదకొండు తర్వాత రమ్మన్నారు. రెండు గంటలు హార్బరులోనే నీడన ఆగారు. ఇంజను ఆపి, పంపులు మూడూ నడిపించి. బయల్దేరేటప్పుడు బండి మూలిగింది. రెండోసారి తిప్పితే అందుకుంది.

“ఏటిరా, అలా మూలుగుతోంది?” అన్నాడు ఎల్లారావు.

“రోడ్డెక్కితే అదే నిండిపోద్ది బావా.”

బీచి రోడ్డు మీద గాలి చల్లగా ఉంది. ఎల్లారావు చాలా రోజుల తర్వాత మాట్లాడుతున్నాడు. కొత్త వల ఏ దారంతో అల్లించాలో, కన్ను ఎంత ఉండాలో చెబుతున్నాడు. వీరేంద్ర వింటూ ఊ కొడుతున్నాడు. రుషికొండ దాటాక పెద్ద పల్లం వచ్చింది. అతను ఏమీ ఆలోచించలేదు. చెయ్యి తనంతట తానే తాళం తిప్పేసింది. బండి హాయిగా జారి, కింద చదును రోడ్డు మీద నెమ్మదించి ఆగబోయింది.

“తమ్ముడా, బుడగలు రావడం నేదేటిరా?”

తాళం తిప్పాడు. టక్‌మంది. మళ్లీ తిప్పాడు. ఈసారి ఆ చప్పుడు కూడా లేదు.

పంపుల తీగలు పీకేసి, అతనూ ఎల్లారావూ తోశారు. వేగం అందుకోగానే వీరేంద్ర పరిగెత్తి ఎక్కి గేరు వేశాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. నిప్పురవ్వ పుట్టించే పాటి ఓపిక కూడా ఆ బ్యాటరీలో మిగల్లేదు. ఆరుసార్లు తోశారు. ఎల్లారావు రొమ్ము ఆనించి తోస్తుంటే చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

లోపల గురువమ్మ లోటాతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తోంది. ముంచడం, పోయడం. నీళ్లలో గాలి కలవాలంటే ఇక ఆ చెయ్యే దిక్కు. బస్సు ఒకటి ఆగకుండా పోయింది. రెండు కార్లు హారను కొట్టి పక్కనుంచి పోయాయి.

“బేగి, బేగి సూడరా! పక్కకు ఒరిగిపోతోంది!”

చూడటానికి ఏముంది? సైకిలు చెడిపోతే భుజాన వేసుకోవచ్చు, దీన్ని ఏం చేయాలి? అతను బానెట్ ఎత్తి ఆల్టర్నేటరు కేసి చూస్తూ నిలబడ్డాడు. పిడికెడంత వస్తువు. దాని పని అది చేసింది, దాని తప్పు లేదు. తప్పెవరిదో తెలిసి కూడా చేతులు ముడుచుకుని నిలబడాల్సి రావడం నరకం.

ఇరవై నిమిషాలకు ఆటో ఒకటి ఆగింది. తొట్టె పట్టలేదు. రొయ్యను బకెట్‌లోకి మార్చి అక్కా బావా ఎక్కారు. ఆటో కదులుతుంటే కూడా లోటాతో పోస్తున్న అక్క చెయ్యి కనిపించింది. అతనికి చోటు లేదు. రోడ్డు మీద ఉండిపోయాడు.

గంటన్నర తర్వాత అదే ఆటో తిరిగొచ్చింది. అక్క చేతిలో పాలిథీన్ సంచి ఉంది. అతనికి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

ఎల్లారావు తిట్టలేదు, కొట్టలేదు. “బండి లెగిసిందా?” అని అడిగాడు, అంతే.

సాయంత్రానికి బ్యాటరీ సత్యం షాపుకు చేరింది. పొద్దుపోయే వేళకు గురువమ్మ క్యారియరు పట్టుకుని తమ్ముడి ఇంటికి వచ్చింది. వేట ఒడ్డుకు చేర్చడానికి ఎవరు చెయ్యి వేసినా, ఆ చేతికి కూరలో వాటా పంపాలి. వాళ్లలో అది ఆనవాయితీ. వెనక్కి తిప్పి పంపకూడదు.

“మీ బావ రేపు మొదటి బస్సుకి గాజువాక ఎల్తన్నాడు. స్టీలు ప్లాంటు మేస్త్రీతో మాటాడుకున్నాడు,” అంటూ పళ్లెంలో పులుసు వడ్డించింది. “గుడ్లున్న ముక్క నీకే ఎట్టినాను. తిను.”

“నన్ను తిట్టక్కా. ఒక్కపాలి తిట్టు.”

“ఏటని తిట్టను? నువ్వేటి, కావాలని సేసినావా? తిను, సల్లారిపోద్ది.”

ఆమె లేవలేదు. తినేదాకా లేచేలా లేదు. వీరేంద్ర ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. పులుసు చాలా రుచిగా ఉంది. అందుకే అతనికి ఏడుపు ఆగలేదు.